చేతిలో పని, చేతిలో కాగితం

కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏ వాడకు పోయినా చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మలు కనిపిస్తారు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో దుబాయికో, సౌదీకో, మస్కట్‌కో మనిషి పోని ఇళ్లు తక్కువ. ఈ ఇళ్లలోంచి వచ్చిన ఆడపిల్లలే ఇవాళ ఇక్కడి దవాఖానలను నడుపుతున్నారు. పదో తరగతి అయిందంటే చాలు, ఇంట్లో మాట మొదలవుతుంది: "నర్సింగ్ చేపిద్దాం, ఎక్కడున్నా బతుకుతది." బతకడం మటుకు నిజమే. ఎదగడం దగ్గరే చిక్కు.

"పదేండ్ల నుంచి చేస్తున్న, ఎక్కడి దాన్ని అక్కడనే ఉన్న." ఏఎన్ఎం అయినా, స్టాఫ్ నర్సయినా, ల్యాబ్ టెక్నీషియనైనా, ఆశా కార్యకర్త అయినా చెప్పే మాట ఇదే. వాళ్ల పనిలో లోపం ఉండి ఇలా జరగడం లేదు. రాత్రి రెండు గంటలకు పసిపిల్లకు సూది కోసం నరం వెతికే చేయి, కాన్పు గదిలో ముగ్గురు గర్భిణులను ఒక్కతే చూసుకునే ధైర్యం వాళ్లవే. ఆ పనితనం ఎక్కడా రాతలో లేదు, ఫలానా పనిలో దిట్ట అన్న గుర్తింపు లేదు, అడగాల్సిన చోట అడగడం లేదు. మూడింటిలో మొదటిది ఒక నెలలో సరిచేసుకోవచ్చు. రెండోదానికి రెండేళ్లు పడుతుంది. మూడోది జీవితకాలం సాధన చేయాల్సిందే, కానీ ఇవాళే మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడే ఎందుకంటే, మన ఊళ్లు మారాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయే దాకా ఈ పట్టణాలన్నిటికీ పెద్దదిక్కు కరీంనగరే. సిరిసిల్లలో 2021లో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ మొదలైంది. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ అనగానే అందరూ డాక్టర్ సీట్లే లెక్కపెడతారు. నర్సులకు, టెక్నీషియన్లకు అది తెచ్చే మార్పును గమనించేవాళ్లు తక్కువ. కాలేజీకి అనుబంధంగా ఉండే ఆసుపత్రిలో పడకలు పెరుగుతాయి, విభాగాలు విడివడతాయి, పాఠం చెప్పే డాక్టర్లు వార్డులోకి వస్తారు. ఐసీయూ, నవజాత శిశువుల విభాగం, ఆపరేషన్ థియేటర్, బ్లడ్ బ్యాంక్ లాంటి చోట్ల అనుభవం కావాలంటే ఒకప్పుడు హైదరాబాద్ హాస్టల్లో ఉండి చేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంటి నుంచి టిఫిన్ డబ్బా కట్టుకుని పోయేంత దూరంలో నేర్చుకోవచ్చు.

ముందు కాగితం

చేదుగా ఉన్నా ఒక మాట మొదటే చెప్పాలి. మన చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో తెల్లకోటు వేసుకుని ఇంజెక్షన్లు చేసే అమ్మాయిల్లో కొందరు ఏ నర్సింగ్ కోర్సూ చదవలేదు. ఇంటర్ అయ్యాక రిసెప్షన్లో కూర్చోబెట్టారు, సీనియర్‌ను చూసి సెలైన్ పెట్టడం నేర్చుకున్నారు, ఐదేళ్లు తిరిగేసరికి అందరూ 'సిస్టర్' అంటున్నారు. ఆ అమ్మాయిల చేతిలో నైపుణ్యం ఉండొచ్చు. చట్టం దృష్టిలో మాత్రం వాళ్లు నర్సులు కారు. ఏదైనా జరగరానిది జరిగితే మొదట బలయ్యేది వాళ్లే. ఈ స్థితిలో మీరు ఉంటే మిగతా సలహాలన్నీ పక్కన పెట్టి ముందు చదువు మీద దృష్టి పెట్టండి. ఇరవై రెండేళ్లకో, ఇరవై ఐదేళ్లకో కోర్సులో చేరడం నామోషీ ఏమీ కాదు. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ చదివినవాళ్లు సర్టిఫికెట్ పెట్టెలో పెట్టి ఊరుకోకండి. ప్రభుత్వాసుపత్రిలో ఏడాది క్లినికల్ ట్రైనింగో, అప్రెంటిస్‌షిప్పో పూర్తి చేసి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుంటేనే ఆ చదువు ఏఎన్ఎం ఉద్యోగానికి పనికొస్తుంది.

చదివినవాళ్ల కథ వేరు. రిజిస్ట్రేషన్ ఉంటుంది, రెన్యువల్ ఉండదు. ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలని, అందుకు ఆ ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య చూపించాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఏడాదికి 30 గంటలంటే నెలకు రెండున్నర గంటలు. మెడికల్ కాలేజీలో, నర్సింగ్ కాలేజీలో జరిగే వర్క్‌షాపుకు వెళ్లిన ప్రతిసారీ సర్టిఫికెట్ తీసుకోండి. దానికి కౌన్సిల్ గుర్తింపు ఉందా అన్నది అక్కడే అడగండి. చివరి నెలలో హడావిడిగా సర్టిఫికెట్లు కొనుక్కునే దారి ఒకటుందని ఎవరైనా చెబితే అటు పోకండి. అలా దొరికిన కాగితం ఏదో ఒక రోజు మీ అసలు సర్టిఫికెట్ మీదకే తెస్తుంది.

ఇక ప్రభుత్వ ఉద్యోగం. వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు పరీక్ష రాసి, 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ఒకేసారి 6,956 మంది నర్సులు నియామక పత్రాలు అందుకున్నారు. అదే ఏడాది సెప్టెంబర్లో ఇంకో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఈ నియామకాల్లో 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీదో, ఔట్‌సోర్సింగ్ మీదో చేసిన సర్వీసుకు. ఆరు నెలల సర్వీసుకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. అంటే మామూలు ప్రాంతంలో ఐదేళ్లు చేస్తే ఆ 20 మార్కులూ మీవే. ఒకటి రెండు మార్కుల దగ్గర తలరాతలు తారుమారయ్యే పరీక్షలో ఇది చిన్న సంగతి కాదు.

ఈ లెక్క తెలిశాక రెండు నిర్ణయాలు తేలికవుతాయి. ప్రైవేటులో రెండు వేలు ఎక్కువ ఇస్తున్నారని ప్రభుత్వాసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ పోస్టు వదులుకోవాలా? సర్కారు కొలువే మీ గమ్యమైతే వదలకండి. ప్రైవేటు సర్వీసుకు ఈ పాయింట్లు రావు. రెండోది, ఏజెన్సీ మారినప్పుడు, పీహెచ్‌సీ మారినప్పుడు, పెళ్లయి ఊరు మారినప్పుడు సర్వీస్ సర్టిఫికెట్ తీసుకోకుండా గడప దాటకండి. నోటిఫికేషన్ వచ్చాక వెతుక్కుంటూ పోతే సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయి ఉంటారు, పాత రిజిస్టర్ దొరకదు, ఏజెన్సీ బోర్డు తిప్పేసి ఉంటుంది. చేసిన నాలుగేళ్లు కళ్లముందే గాలిలో కలిసిపోతాయి.

ప్రైవేటులో పనిచేసేవాళ్లకూ కాగితం అంతే ముఖ్యం. గల్ఫ్ దేశాల లైసెన్సుకు మీ అనుభవాన్ని డేటాఫ్లో లాంటి సంస్థలు నేరుగా ఆసుపత్రికి రాసి సరిచూసుకుంటాయి. మన చిన్న పట్టణాల్లో ఆసుపత్రి మూతపడుతుంది, లేదంటే భాగస్వాములు విడిపోయి బోర్డు మారుతుంది. అప్పుడు జవాబిచ్చేవాళ్లే ఉండరు. అందుకే పనిలో చేరిన నెలలోనే అపాయింట్‌మెంట్ లెటర్ అడగండి. జీతం చేతికి కాకుండా బ్యాంకులో వేయమనండి. పీఎఫ్ ఉంటే యూఏఎన్ నంబర్ రాసిపెట్టుకోండి. మానేసేటప్పుడు తీసుకునే లెటర్‌లో ఏ విభాగం, ఎన్ని పడకల ఆసుపత్రి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవి స్పష్టంగా ఉండాలి. "మంచి అమ్మాయి, కష్టపడి పనిచేసింది" అన్న ఒక్క వాక్యం ఏ దేశంలోనూ చెల్లదు.

సర్కారు కొలువులో ఉన్నవాళ్లు ఏడాదికోసారి సర్వీస్ రిజిస్టర్ చూసుకోండి. ఇంక్రిమెంట్లు, సెలవులు, పాసైన శాఖాపరమైన పరీక్షలు ఎక్కాయా లేదా అన్నది మీరు చూడకపోతే ఇంకెవరూ చూడరు. పదోన్నతుల ముందు సీనియారిటీ జాబితా ముసాయిదా విడుదల చేసి అభ్యంతరాలకు గడువు ఇస్తారు. గడువు లోపల రాతపూర్వకంగా అడిగినదానికే విలువ. ఆ కాగితం వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడు "తర్వాత చూద్దాంలే" అనుకుంటే మీ జూనియర్ హెడ్ నర్స్ అవుతుంది, మీరు ఆమె దగ్గర సెలవు అడుగుతారు.

ఏ పనిలో దిట్ట కావాలి?

అన్నీ కొద్ది కొద్దిగా తెలిసిన నర్సు ప్రతి ఆసుపత్రికీ అవసరమే. జీతం పెంచి మరీ ఆపుకునేది మాత్రం ఒక పనిలో లోతు తెలిసిన నర్సును. డయాలసిస్, నవజాత శిశువుల విభాగం, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ అన్నీ మంచి దారులే. ల్యాబ్ వైపు వాళ్లకు బ్లడ్ బ్యాంకు, మైక్రోబయాలజీ ఉన్నాయి. అయితే మన ప్రాంతపు నర్సు నన్ను ఒకే ఒక్కటి చెప్పమంటే, సందేహం లేకుండా మిడ్‌వైఫరీ అంటాను. కారణం ఇక్కడి మట్టిలోనే ఉంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వంద కాన్పుల్లో సిజేరియన్లు 21.5. తెలంగాణలో 60.7. ఆ సర్వేలో ఇంకే రాష్ట్రంలోనూ ఇంత లేదు. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల లెక్క ఒక్కటే తీస్తే 81.5. పక్కనున్న కరీంనగర్ జిల్లాలో ప్రభుత్వం, ప్రైవేటు కలిపే 80 శాతం దాటింది. ఇక్కడి ఒక తరం తల్లులు నొప్పులంటే ఏమిటో తెలియకుండానే కడుపు మీద కుట్లతో ఇంటికి వచ్చారు. అయ్యగారు చెప్పిన ముహూర్తానికి కోయించుకోవడం, నొప్పులకు భయపడటం, మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే అనుకోవడం, డాక్టర్ దొరికే వేళ, ఆసుపత్రి ఆదాయం – అన్నీ కలిసి ఇక్కడిదాకా తెచ్చాయి. తల్లినో బిడ్డనో కాపాడే సిజేరియన్‌కు చేతులెత్తి మొక్కాలి. అవసరం లేనిదానికి కోత పెట్టడం మాత్రం ఆ తల్లికి అన్యాయం. వచ్చే కాన్పుకు ప్రమాదం పెరుగుతుంది. కూలికి పోవాల్సిన మనిషి, గంటల తరబడి కూర్చుని బీడీలు చుట్టాల్సిన మనిషి నెలల తరబడి నడుము పట్టుకుని ఉంటుంది.

దీనికి విరుగుడు మొదలైంది కూడా ఇక్కడే. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కోత ఎక్కువున్న చోటే ఆ విత్తనం వేశారు. ఆ మరుసటి ఏడాది కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ' అన్న హోదా అలా వచ్చింది. ఇబ్బందులు లేని గర్భిణిని మొదటి నుంచి కాన్పు దాకా తన బాధ్యత మీద చూసుకునే నర్సు ఆమె. నొప్పులు పడుతున్న తల్లిని బల్లమీద వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టదు. నడిపిస్తుంది, బంతి మీద కూర్చోబెడుతుంది, నడుము రాస్తుంది, తోడుగా తల్లినో అత్తనో లోపల ఉండనిస్తుంది. అరిచినందుకు తిట్టదు. ఎక్కడ ఆగి డాక్టర్‌ను పిలవాలో ఆమెకు బాగా తెలుసు.

ఆ శిక్షణకు సెలక్ట్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. మీ కాన్పు గదిలో ఇవాళే మొదలుపెట్టగలిగింది ఒకటుంది: పార్టోగ్రాఫ్. ప్రతి కేస్ షీట్‌లోనూ ఆ కాగితం ఉంటుంది. చాలాచోట్ల కాన్పు అయిపోయాక, డ్యూటీ దిగేముందు గుర్తున్నంత మేర నింపేస్తారు. అలా నింపిన కాగితం ఎవరికీ పనికిరాదు. శిశువు గుండె చప్పుడు, నొప్పులు, తల్లి నాడి అరగంటకోసారి. గర్భాశయ ముఖద్వారం, బీపీ, జ్వరం నాలుగు గంటలకోసారి. నాలుగు సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, గంటకో సెంటీమీటర్ చొప్పున సాగే అలర్ట్ లైన్‌కు ఎడమ వైపు కాన్పు నడుస్తోందా, కుడి వైపుకు జారుతోందా అన్నది ఆ గీతే చెబుతుంది. ఎప్పటికప్పుడు నింపితే మీ చేతిలో సాక్ష్యం ఉన్నట్టు.

ఆ సాక్ష్యంతో ఫోన్ ఎలా మారుతుందో చూడండి. రాత్రి రెండు గంటలు. చాలామంది ఇలా చేస్తారు: "మేడం, రెండో బెడ్ ఆమెకు నొప్పులు బాగా ఎక్కువున్నయి, అటెండర్లు లొల్లి చేస్తున్నరు, జర మీరొకసారి వస్తరా?" నిద్రలో లేచిన డాక్టర్‌కు దీంట్లో దొరికింది లొల్లి ఒక్కటే. ఇక ఇది వినండి: "మేడం, లేబర్ రూమ్ నుంచి మాట్లాడుతున్న. రెండో బెడ్, తొలి కాన్పు, 39 వారాలు. రాత్రి పదింటికి నాలుగు సెంటీమీటర్లు, ఇప్పుడు ఐదే. అలర్ట్ లైన్ దాటింది. బేబీ గుండె 140, ఉమ్మనీరు తేటగా ఉంది, బీపీ 120/80. మీరొచ్చి చూడాలి మేడం. ఈలోపు నన్నేం చేయమంటరు?" అరనిమిషం కూడా పట్టదు. డాక్టర్ ఏ నిర్ణయం తీసుకున్నా దాని వెనక మీ అంకెలుంటాయి. ఇలాంటి ఫోన్లు నాలుగు చేసిన నర్సు పేరు ఆ డాక్టర్ మరచిపోదు. కొత్త విభాగం తెరిచినప్పుడు, శిక్షణకు పేర్లు పంపమన్నప్పుడు ముందు గుర్తొచ్చేది ఆమే.

ఇదే పద్ధతి ఏ వార్డుకైనా పనికొస్తుంది. మనిషి ఎవరు, ఏం జరిగింది, ఇప్పుడు అంకెలు ఏమిటి, మీరు ఏం కోరుతున్నారు – ఈ వరస పట్టుబడే దాకా అద్దం ముందు నిలబడి అనుకోండి, సిగ్గుపడకండి.

సబ్‌సెంటర్, పల్లె దవాఖాన

పల్లెల్లో పనిచేసేవాళ్లకు మెట్లు కాస్త వేరు. ఏఎన్ఎం పోస్టును ఇప్పుడు ఎంపీహెచ్ఏ అంటున్నారు. అక్కడి నుంచి సూపర్‌వైజర్, పబ్లిక్ హెల్త్ నర్స్, జిల్లాలో పబ్లిక్ హెల్త్ నర్సింగ్ ఆఫీసర్ దాకా దారి ఉంది. 2018 తర్వాత వచ్చిన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు మన దగ్గర పల్లె దవాఖానలయ్యాయి. అందులో డాక్టర్లు దొరకని చోట బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకూ, ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ కోర్సు చేసిన నర్సులకూ అవకాశం ఉంది. బీపీ, షుగర్ రోగులను స్వతంత్రంగా చూసే బాధ్యత నర్సు చేతికి రావడం మామూలు విషయం కాదు. జీఎన్ఎం దగ్గర ఆగిపోయినవాళ్లు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ గురించి తప్పకుండా ఆలోచించండి. పాఠం చెప్పాలన్న ఇష్టం ఉంటే ఎమ్మెస్సీ దాకా పోండి. కొత్త నర్సింగ్ కాలేజీలకు ట్యూటర్లు కావాలి. ఇక్కడి పేషెంటు భాష, ఇక్కడి ఇల్లు తెలిసిన టీచర్ చెప్పే పాఠానికి ఉండే బలమే వేరు.

ఆశా అక్కలకు ఒక మాట. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఈ పని మొదలైంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అదే ఏడాది తెలంగాణలో నెల పారితోషికం 7,500 నుంచి 9,750కి పెరిగింది. గౌరవానికీ, చేతికొచ్చే డబ్బుకూ మధ్య ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. వేతనం కోసం సంఘంగా మీరు చేసే పోరాటం న్యాయమైనది, అది సాగాలి. దాంతోపాటు మీలో ముప్పై ఏళ్లు దాటనివాళ్లు, చదువు మధ్యలో ఆగినవాళ్లు ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ పూర్తి చేయండి. ఇంటర్ లేకుండా ఏఎన్ఎం కోర్సు గుమ్మం కూడా తొక్కలేరు. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి ఏ మందు నడుస్తుందో కంఠతా తెలిసిన మీకు కోర్సులో సగం పాఠం ముందే వచ్చినట్టు.

ఇల్లు, పెళ్లి, పిల్లలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరోగ్యరంగంలో పనిచేసేవాళ్లలో 70 శాతం ఆడవాళ్లు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లలో 25 శాతమే ఆడవాళ్లు. మన దగ్గర ఆ మిగతావాళ్లు ఎక్కడ ఆగిపోతారో చూస్తే చాలాసార్లు పెళ్లి దగ్గర, మొదటి కాన్పు దగ్గర. భర్త గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో అత్తమామల బాధ్యత, పిల్లల స్కూలు, పొలం అన్నీ కోడలి మీదే. అందులో నైట్ డ్యూటీ అంటే ఊళ్లో ఒకరు కాకపోతే ఒకరు ఏదో ఒక మాట అంటారు.

చట్టం ఏమంటుందో ముందు తెలుసుకోండి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసిన మహిళకు మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు హక్కు. 2017 సవరణతో వచ్చిన ఈ హక్కు కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. కాంట్రాక్టు వాళ్లకు వర్తించదని చెప్పేవాళ్లుంటారు. ఢిల్లీలో ఒక ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసిన డాక్టర్ కవితా యాదవ్‌కు ఇదే మాట చెప్పారు. సెలవు మధ్యలో కాంట్రాక్టు ముగిసింది కాబట్టి ఆ తర్వాత ఏమీ రాదన్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023 ఆగస్టులో కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి, మీ దరఖాస్తులో రాయండి.

ఇంట్లో మాత్రం చట్టం కన్నా మాట పనిచేస్తుంది. ఎప్పుడూ అవసరం మీదపడ్డాక, కోపంలో కాకుండా ముందే అడగండి. "అత్తమ్మా, ఈ పోస్ట్ బేసిక్ కోర్స్ రెండేండ్లు. అయినంక నా జీతం పెరుగుతది, సర్కారు పోస్టుకు దారి పడతది. ఈ రెండేండ్లు పొద్దుగాల పిల్లను బడికి మీరు పంపిస్తే, సాయంత్రం నుంచి నేనే చూసుకుంట. నెలల నాలుగు నైట్లు ఉంటయి, ఏ రోజులో ముందే క్యాలెండర్ల రాస్త." గడువు చెప్పారు, లాభం చెప్పారు, మీరేం చేస్తారో చెప్పారు. ఫోన్లో మీ ఆయనకూ ఇదే మాట, ఇదే వరసలో చెప్పండి. ఇద్దరికి రెండు రకాలుగా చెప్తే మాట పలచనవుతుంది.

మానేయక తప్పని పరిస్థితి వస్తే రిజిస్ట్రేషన్ మాత్రం మురిగిపోనివ్వకండి. ఏడాదికి ఆ 30 గంటల విద్య ఇంట్లో ఉండి కూడా పూర్తి చేయొచ్చు. మూడేళ్ల తర్వాత తిరిగి వచ్చేటప్పుడు నేరుగా ఐసీయూకు కాకుండా ఓపీలోనో, టీకాల విభాగంలోనో కొన్ని నెలలు చేసి చేయి కుదిరాక పెద్ద విభాగం అడగండి.

అడగాల్సినవి

జీతం సంగతి. ప్రైవేటు నర్సుల వేతనాలపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు కమిటీ వేయమంది. 50 పడకలలోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానం. మన పట్టణాల్లో ప్రైవేటు ఆసుపత్రులు ఎక్కువగా 50 పడకలలోపువే, కాబట్టి మీరు అడగాల్సిన అంకె ఏదో తెలిసింది. ఇది సిఫారసే, పిలిచి ఇచ్చేవాళ్లు అరుదు. అయినా ఆ అంకె తెలిసి అడగడానికీ, తెలియక అడగడానికీ చాలా తేడా ఉంది. అడిగేటప్పుడు "ఇల్లు గడుస్తలేదు సార్" అనకండి. అది నిజమే అయినా మీ విలువను చెప్పదు. "ఈ ఏడాది థియేటర్ ఇన్‌ఛార్జి నేనే చూశాను, కొత్తగా చేరిన ముగ్గురికి నేనే నేర్పాను, స్టెరిలైజేషన్ రిజిస్టర్ నేనే పెట్టాను" అని చెప్పి, మీకు కావాల్సిన అంకె చెప్పి, ఆగండి. తర్వాత మాట్లాడాల్సింది వాళ్లు.

భద్రత విషయంలో మొహమాటం అసలే వద్దు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ డాక్టర్‌కు జరిగిన ఘోరం తర్వాత కూడా మన ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ వాళ్లకు తాళం పడే గది ఉందా అని అడగాల్సిన స్థితే ఉంది. గది, తాళం, కారిడార్లో లైటు, గేటు దగ్గర మనిషి – నలుగురు కలిసి సంతకాలతో రాసివ్వండి. లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న ఆసుపత్రి అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మూడు నెలల లోపు చేయాలి. తేదీలు, మెసేజ్‌లు దాచుకోండి.

విదేశం పోదామనుకునేవాళ్లకు: మన దగ్గర ఏజెంటు మోసం తెలియని కుటుంబం లేదు, అందుకే ఇంకా జాగ్రత్త. గల్ఫ్ సహా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన (ఈసీఆర్) దేశాలకు నర్సుల నియామకాలను 2015 నుంచి కేంద్రం ప్రభుత్వ ఏజెన్సీల దారిలోకి తెచ్చింది. తెలంగాణకు అలాంటి ప్రభుత్వ ఏజెన్సీ టామ్‌కామ్ ఉంది. జర్మనీ లాంటి దేశాలకు భాష నేర్పించి పంపే పనీ అది చేస్తోంది. లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయకూడదు. విజిట్ వీసా మీద పోయి నర్సు ఉద్యోగం చేద్దామన్న మాట ఎవరు చెప్పినా, సొంత మేనమామ చెప్పినా ఒప్పుకోకండి. ఇంగ్లిష్ పరీక్షకో, జర్మన్ భాషకో పెట్టే ఏడాది సమయం ఏజెంటుకు పెట్టే లక్షల కన్నా మంచి పెట్టుబడి.

రేపు డ్యూటీకి వెళ్లేముందు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు ఏ తేదీ దాకా ఉందో చూసుకోండి. డ్యూటీలో సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లి ఇప్పటిదాకా చేసిన సర్వీసుకు సర్టిఫికెట్ కావాలని తెల్లకాగితం మీద రాసివ్వండి. లేబర్ రూమ్‌లో గానీ, మీకు ఇష్టమైన ఇంకో విభాగంలో గానీ ఆరు నెలలు వేయమని అదే కాగితంలో అడగండి. ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.